పదింటిలో మొదటి పేరు

మా బావకి గుర్రాలంటే ప్రేమ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయనది ప్రేమ కాదు, అనుమానం. ముప్పై ఒక్క ఏళ్లు తెల్లవారకముందే లేచి, పందేల మైదానం కంచె పక్కన నిలబడి, వచ్చే పోయే ప్రతి గుర్రాన్నీ దొంగని చూసినట్టు చూశాడు. ఏది కాలు దాచుకుంటోంది, ఏది ఊపిరి దాచుకుంటోంది, ఏది ఇవాళ బద్ధకించి రేపు పరిగెత్తబోతోంది, ఇదే ఆయన ధ్యాస. మొట్టమొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, అక్కని ఎలా చూస్తాడోనని మేమందరం తలుపుల చాటున నిలబడితే, ఆయన వాకిట్లో మా కుక్క నడక చూసి "దీని వెనక కుడికాల్లో ఏదో దిగింది" అన్నాడు. నిజంగానే ముల్లు దిగింది. నాకప్పుడు ఏడేళ్లు. ఆ ముల్లు తీసింది నేనే. ఆ కుక్కకి దొరికిన చూపు తనకి దొరకలేదని అక్క ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆయన తండ్రి గుర్రాల శాలలో పనివాడు. కొడుకుని జాకీని చెయ్యాలని పన్నెండో ఏట గుర్రం ఎక్కించాడు. చెయ్యి మెత్తన, గుర్రం వాడి మాట వింటుంది అని శాలలో అందరూ చెప్పుకునేవారట. పదహారో ఏట ఒక్క వేసవిలో జానెడు పొడుగు పెరిగాడు. మరుసటి ఏడు మరో బెత్తెడు. తిండి మానేసి బరువు తగ్గించుకోవచ్చు గానీ ఎముకల్ని ఏం చేసుకుంటాడు? ఆరడుగుల జాకీని ఎవరూ గుర్రమెక్కించరు. ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడకుండా మైదానం కంచె పట్టుకుని నిలబడ్డాడట. అలా నిలబడ్డవాణ్ణి చూసి గుర్రప్పందేల వారపత్రిక పెద్ద యజమాని చేతికో స్టాప్‌వాచ్ ఇచ్చాడు. ఎలాగూ నిలబడే ఉన్నావు కదా, లెక్క కూడా చూడు అన్నాడట. బావ జీవితంలో జరిగిన మంచి అంతా ఆ ఒక్క మాటలోనే జరిగిపోయింది.

పని చెప్పడానికి తేలిక. రోజూ పొద్దున్నే గుర్రాల్ని సాధనకి మైదానంలోకి తెస్తారు. పందెం రోజున ఉన్నట్టు వాటి మీద నంబర్లు ఉండవు. ఒకే శాల కుర్రజాకీలందరికీ ఒకే రంగు టోపీ ఉంటుంది. ఒంటి రంగు, మొహం మీద చుక్క, కాలి మడమ దగ్గర తెలుపు, నడక, వీటిని బట్టి ఏది ఏ గుర్రమో పోల్చుకోవాలి. ఒక గుంజ దగ్గర వాచీ నొక్కి, ఎనిమిది వందల మీటర్లు దాటాక ఇంకో గుంజ దగ్గర ఆపాలి. ఆ అంకెలు శనివారం పత్రికలో వస్తాయి. నాలుగు వందల గుర్రాలు బావకి మా ఇంట్లో గిన్నెలకన్నా బాగా తెలుసు.

ఇక ఏడాదికొక్కసారి వచ్చే అసలు పని వేరే ఉంది. చలికాలమంతా కంచెలు దూకే పందేలు. వాటిని బావ పట్టించుకోడు. ఎండలు మొదలవగానే చదును మైదానం మీద ఉత్త పరుగు పందేల సీజన్ వస్తుంది. దానికి ముందు వారం మా పత్రికలో ఒక పేజీ వేస్తాం. ఈ సీజన్ అంతా ఏ పది గుర్రాల్ని కనిపెట్టుకుని ఉండాలో బావ రాస్తాడు. పది పేర్లు, ఒక్కో పేరు కింద రెండు మూడు వాక్యాలు. ఆ సంచిక కోసం జనం ఎగబడేవారు. గుర్రం పేరు పేజీలో వస్తే ఎప్పుడూ మొహం చూపించని యజమాని కూడా శాలకి వస్తాడు, దాని అడుగున కొత్త గడ్డి పడుతుంది. బావ మాత్రం ఒక్క పందెం కూడా కాయలేదు. కాస్తే కళ్లు కోరుకున్నదే చూస్తాయి అనేవాడు.

ఆ పేజీ టైపు చేసేది ఆయన మరదల్నైన నేనే. చదువైపోగానే బావే నన్ను ఆ ఆఫీసులో చేర్పించాడు. పేర్లలో తప్పులు, గుర్రాల వయసులు, ఏ గుర్రం ఏ ట్రైనరు దగ్గరుందో సరిచూడటం నా పని. పన్నెండేళ్లుగా బావ రాత చదువుతున్నాను. కాబట్టి ముందుగా తెలిసింది నాకే. రెండేళ్లుగా ఆయన అక్షరాలు పెద్దవవుతూ వచ్చాయి. రెండు పేజీల్లో సరిపోయే పది పేర్లు ఏడు పేజీలు పాకాయి. వాక్యం పై వాక్యం మీద ఎక్కి కూర్చునేది. మొన్న చలికాలంలో ఆయన నోటుబుక్కులో కంటి ఆసుపత్రి చీటీ ఒకటి దొరికింది. నీటికాసులు అని రాసి ఉంది.

అడిగితే మొదట చుక్కల మందు వేసుకుంటున్నాను కదా అని దాటేశాడు. నేను వదిలే రకం కాదు. ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. పక్క చూపు పూర్తిగా పోయింది. ఎదురుగా గొట్టంలోంచి చూసినంత మేర మిగిలింది, అదీ మసక. పోయింది తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు చెప్పాడట. అక్కకి చెప్పొద్దని, ఇంకో సీజన్ గడవనివ్వమని అడిగాడు. నాది పొడుగు నాలుకని ఊరంతటికీ తెలుసు. అయినా ఆ ఒక్క మాట కడుపులో దాచుకున్నాను. దాచాల్సినవి ఎన్నో బయటపెట్టి, బయటపెట్టాల్సిన ఒక్కటి దాచిన ఘనత నాది.

మరి ఎలా నెట్టుకొస్తున్నాడో తెలుసుకుందామని ఒక పొద్దున ఆయనతో కంచె దగ్గర నిలబడ్డాను. మూడు గుర్రాలు వరసగా పోయాయి. బావ మొహం ఎటో ఉంది. ముందుది కుదుటపడింది, రెండోది రెండు నెలలుగా పనిలేక ఊపిరి బరువెక్కింది, మూడోదానికి పోయినేడున్న గొంతులో గరగర ఇంకా తగ్గలేదు అన్నాడు. చెవులతో చూస్తున్నాడు. వెళ్లి శాలల్లో అడిగితే మూడూ నిజమే. ఇంత విద్య ఉన్నవాడికి కాస్త మసకైతే ఏమిటిలే అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను. ఊపిరి బాగుందో లేదో చెవి చెప్తుంది గానీ, ఆ ఊపిరి ఏ గుర్రానిదో చెప్పదన్న ఆలోచన నాకు రాలేదు.

పెద్ద యజమాని పోయాక పత్రిక ఆయన కొడుకు చేతికి వచ్చింది. చిన్న యజమాని చెడ్డవాడేమీ కాదు, చెడ్డవాడైతే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. బావని బాబాయిగారూ అని పిలుస్తాడు. ఈ ఏడు నుంచి మైదానంవాళ్లు జీను కింద చిన్న బిళ్ల లాంటిది పెడుతున్నారని, ఏ గుర్రం ఎంత వేగంగా పరిగెత్తిందో అదే లెక్కపెట్టి పంపుతుందని, ఆ లెక్కల్ని బట్టి కంప్యూటరు కూడా పది పేర్లు ఇవ్వగలదని మెల్లగా చెప్పాడు. రెండు జాబితాలూ పక్కపక్కన వేద్దామన్నాడు. మొదటి ఐదు వారాల్లో ఎవరి గుర్రాలు ఎక్కువ గెలిస్తే పేజీ వాళ్లది. బావ సరే బాబూ అన్నాడు. బస్సులో ఇంటికి వస్తూ కిటికీ వైపు తిరిగి ఒకే ఒక్క మాట అన్నాడు.

"పేజీ పోతే, పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లను?"

ఆ రోజు నుంచి నా తలలో ఇంకేమీ లేదు. ఆ పేజీ ఆయనకి మిగలాలి, అంతే. తక్కిన ప్రపంచం ఏమైనా కానీ అనుకున్నాను. ఆ "ఏమైనా" ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడు తెలియదు.

జాబితా ఇవ్వాల్సిన వారంలో, మంగళవారం మధ్యాహ్నం, బావ ఆఫీసుకి వెలిగిపోతూ వచ్చాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఏళ్ల తరబడి చూడలేదు. మొదటి పేరు దొరికిందన్నాడు. పేపర్ బోట్. ఆరేళ్ల ఆడగుర్రం, ముదురెరుపు ఒళ్లు, వెనక ఎడమకాలికి మడమ దగ్గర తెలుపు. ఎన్నడూ మూడో నాలుగో స్థానం దాటని గుర్రం. ఆ పొద్దున పొగమంచులోంచి ఎనిమిది వందల మీటర్లు నలభై ఎనిమిది సెకన్లలో వచ్చిందట. వచ్చాక దాని ఊపిరి నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉందట. ఏ యంత్రం దీన్ని మొదట పెట్టదు, నేను పెడతాను అన్నాడు. దాని పేరు కింద రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు: "ఇది ఇన్నాళ్లూ మనకి అబద్ధం చెప్పింది, ఈ సీజన్ నిజం చెప్తుంది."

సాయంత్రం చిన్న యజమాని యంత్రం జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో మొదటిది లాంగ్ ఆన్సర్. పేపర్ బోట్ ఉన్న శాలలోదే, అదే ముదురెరుపు, మగది. మంగళవారం పొద్దున, నలభై ఎనిమిది సెకన్ల మీద ఒక్క పిసరు. వెనక పేజీల్లో వెతికితే పేపర్ బోట్ పక్కన ఆ వారమంతా అంకె లేదు, ఖాళీ గీత.

మర్నాడు పొద్దున్నే మైదానం వెనక గేటు దగ్గర టీ కొట్టుకి వెళ్లాను. పేపర్ బోట్‌ని చూసుకునే సైసు అక్కడికే వస్తాడని తెలుసు. గుర్రానికి తిండి, స్నానం, నడక అన్నీ చూసుకునేవాణ్ణే సైసు అంటారు. ఇతను సన్నటి మనిషి, నలభై దాటినవాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. శాల పక్కనే రేకుల గదిలో ఉంటాడు. ఆ గుర్రాన్ని రెండో ఏట నుంచి అతనే పెంచాడు. అమ్మడు అని పిలుస్తాడు. గది కిటికీ శాల వైపుకే ఉంటుంది, అది అటూ ఇటూ మసిలితే తనకి మెలకువ వచ్చేస్తుందని చెప్తాడు. అమ్మడు ఎలా ఉందని ఊరికే అడిగినట్టు అడిగాను. వెనక ఎడమకాలు కాస్త వేడిగా ఉందని, అందుకని వారం రోజులుగా నడిపించడమే తప్ప పరుగు లేదని, తడిగుడ్డ చుడుతున్నానని చెప్పాడు. మరి లాంగ్ ఆన్సర్ సంగతేమిటని అడిగాను. దానికేం, దూసుకుపోతోందన్నాడు. వెనక ఎడమకాలు గోడకి గీరుకుంటే తెల్ల పట్టీ కట్టారు, అది తప్ప ఇంకే లోపం లేదన్నాడు.

పట్టీ. పొగమంచులో, గొట్టంలోంచి చూసే కళ్లతో, బావ తెల్ల పట్టీని తెల్ల మడమ అనుకున్నాడు.

ఆఫీసుకి ఎలా నడిచానో నాకు గుర్తులేదు. పేజీ అచ్చుకి వెళ్లడానికి ఇంకా అరగంట ఉంది. బావ నా పక్కనే కూర్చుని నేను చదువుతుంటే వింటున్నాడు. పొగమంచు కదా బావా, అది పట్టీ అయ్యుండదా అని నీళ్లు నములుతూ అడిగాను. ఒంటికాలి మీద లేచాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క గుర్రాన్ని కూడా తప్పు పోల్చలేదని, పట్టీకీ తెలుపుకీ తేడా తెలియని రోజున తానే వాచీ కాలవలో పారేస్తానని అన్నాడు. అన్నాక చెయ్యి బల్ల అంచు కోసం తడుముకుంది. ఆ చెయ్యి చూశాక సైసు చెప్పిన మాట నా నోట్లోంచి రాలేదు. చెప్తే పేజీయే కాదు, ఆయన నమ్ముకున్న ఆఖరి సంగతి కూడా పోతుంది. పదింటిలో ఒకటే కదా, ఒక్క గుర్రం ఓడిపోతే కొంప మునగదు కదా అనుకున్నాను. టైపు చేశాను. మొదటి పేరు పేపర్ బోట్.

సీజన్ మొదలైంది. నాకు ఆశ్చర్యం, బావకి కాదు. మొదటి వారమే ఆయన రాసిన రెండు గుర్రాలు గెలిచాయి. రెండో వారం ఒకటి. నాలుగో వారం ముగిసేసరికి బావవి ఐదు, యంత్రానివి మూడు. ఆ మూడింట్లో రెండు లాంగ్ ఆన్సర్ ఒక్కటే గెలిచింది. ఆ గుర్రం తన చెవిన ఎలా పడకుండా పోయిందో అని బావ రెండుమూడుసార్లు తనలో తను అనుకున్నాడు. నేను వినిపించుకోనట్టు ఊరుకున్నాను. చిన్న యజమాని ఐదో వారం దాకా ఆగలేదు. తనే బావ కుర్చీ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని పేజీ మీదే బాబాయిగారూ అన్నాడు. స్కూలు యూనిఫాంలు కుట్టే మా అక్క ఆ వారం పనులన్నీ పక్కన పడేసి బావకి కొత్త చొక్కా కుట్టింది. మేం ముగ్గురం ఆ నాలుగు రోజులు ఎంత నవ్వామో. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పుడు సిగ్గేస్తుంది.

పేపర్ బోట్ ఐదో వారం పరిగెత్తింది. దాని పేరు పందెంలో చూసినప్పుడు నాలో నేను ఒక లెక్క వేసుకున్నాను. కాలు బాగుండకపోతే సైసు చెప్తాడు, సైసు చెప్తే ట్రైనరు ఆపుతాడు, ఎవరూ ఆపలేదంటే బాగైపోయి ఉంటుంది. నా వంతు మంచితనం వేరేవాళ్లు చేస్తారని నమ్మడంలో నన్ను మించినవాళ్లు లేరు.

పదహారు వందల మీటర్లు. బావ, నేను పత్రికలవాళ్ల బెంచీల మీద కూర్చున్నాం. మలుపు తిరిగేసరికి అది మూడో స్థానంలో ఉంది, నిజంగానే బాగా వస్తోంది. బావ మోకాళ్ల మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. తరవాత ఒక్క అడుగు తప్పుగా పడింది. జాకీ కిందకి దూకేశాడు. గుర్రం మూడు కాళ్ల మీద ఇంకా కొంత దూరం వచ్చింది, మిగతావాటిని అందుకుందామని. మా చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఏమైందని బావ అడిగాడు. ఆగిపోయిందన్నాను. ఏ కాలు అని అడిగాడు. వెనక ఎడమది అన్నాను. బళ్లు వచ్చాయి, ఆకుపచ్చ తెరలు దాని చుట్టూ నిలబెట్టారు. కాలు విరిగిన గుర్రాన్ని ఆ తెరల వెనకే సూదేసి చంపేస్తారని మైదానానికి వచ్చే పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు బావకి తెరలు కనబడలేదు. నేను చెప్పలేదు. అయినా ఆయన వేళ్లు తాళం వెయ్యడం ఆపేశాయి.

తొమ్మిది రోజుల తరవాత, ఆదివారం పొద్దున, సైసు మా అక్కావాళ్లింటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అక్క కుట్టుమిషను పక్కకి జరిపి కుర్చీ వేసింది. అతను కుర్చీ అంచున కూర్చుని నేల చూశాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాడు. మీ పేజీకి నా వల్ల మచ్చ వచ్చింది అన్నా అన్నాడు. బావకి అర్థం కాలేదు. నీ వల్ల ఏమిటి తమ్ముడూ అన్నాడు.

అప్పుడు అతను చెప్పుకుంటూ పోయాడు. పేజీ వచ్చిన రోజున దాన్ని కత్తిరించి శాల తలుపుకి అంటించుకున్నాడట. ఆరేళ్లలో అమ్మడి పేరు అచ్చులో మొదట రావడం అదే తొలిసారట. పొద్దున్నే దానికి చదివి వినిపించేవాడట. కాలు వేడి తగ్గింది. ట్రైనరు రెండు మూడుసార్లు పరుగు పెట్టించాడు, బాగానే ఉంది. పందెం ముందురోజు పొద్దున తడిమి చూస్తే అదే చోట మళ్లీ కాస్త వెచ్చగా తగిలింది. ట్రైనరుకి చెబుదామని గుమ్మం దాకా వెళ్లాడు. గుమ్మంలో ఆ పేజీ కనబడింది.

"మీ మరదలుగారికి కాలు సంగతి ముందే చెప్పాను కదన్నా. అది తెలిసి కూడా మీరు మొదటి పేరు రాశారంటే, నేను చూడనిదేదో మీరు చూసుంటారనుకున్నా. అంతకుముందే టీ గ్లాసు పట్టుకున్నా, ఆ వేడి నా చేతిదేమో అనుకున్నా."

బావ మొహం నా కోసం తిరిగింది. నేను ఎక్కడున్నానో సరిగ్గా తెలియక తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్క మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. బావ సైసు గొంతు వినబడ్డ వైపు తిరిగి అన్నాడు.

"తమ్ముడూ, నేనేమీ చూడలేదు. నాకు కళ్లు కనబడవు. ఆ రోజు నేను చూసింది నీ గుర్రాన్ని కాదు, పక్కదాన్ని."

సైసు తల అడ్డంగా ఊపాడు. అతను ఒక్క ముక్క నమ్మలేదు. నా బాధ చూడలేక అలా అంటున్నారని, మీ మనసు నాకు తెలుసని, కళ్లు కనబడనివాడు ఐదు గుర్రాల్ని ఎలా గెలిపిస్తాడని అన్నాడు. తనకిప్పుడు రెండేళ్ల గుర్రాన్ని అప్పగించారట, వీలు చూసుకుని ఒకసారి వచ్చి దాన్ని చూసి చెప్పమన్నాడు. మీరు బాగుందంటే చాలన్నాడు. బావ మళ్లీ చెప్పాడు, ఇంకాస్త గట్టిగా. సైసు మళ్లీ తల ఊపి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు, చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

నేను ఊరుకుని ఉండొచ్చు. ఇన్నాళ్లూ ఊరుకున్నదాన్ని ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే అతను అదే నమ్మకంతో వెళ్లిపోయేవాడు. గుర్రం పోయినా కారణం ఎవరి చేతిలోనూ లేదని, అంత గొప్ప కళ్లకే అందలేదని, ఆ మాత్రం ఊరటతో రేకుల గదిలో పడుకునేవాడు. కానీ ఆ చెయ్యి బావ మోకాలి మీద ఉండటం నేను భరించలేకపోయాను. పోయిన చలికాలం నుంచీ ఆయనకి చూపు లేదని, తెల్ల పట్టీ చూసి మీ అమ్మడనుకున్నాడని, మర్నాడు మీరు టీ కొట్టు దగ్గర చెప్పగానే నాకు అర్థమైందని, తెలిసి కూడా పేజీ పోతుందని నేనే అచ్చు వేశానని, ఆయనకి మీ మాట చేరవెయ్యలేదని, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. అక్క కూర్చున్నచోటే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

నా మీద చెయ్యి చేసుకుంటాడేమోనని చూశాను. అతను నా వైపు చూడను కూడా లేదు. బావ మోకాలి మీది చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాడు. గడ్డి కోసుకున్న గీతలు, తాడు ఒరిసిన కాయలు. ఆ చేతిని అలాగే చూస్తూ, ఎవరినీ ఉద్దేశించకుండా, నెమ్మదిగా అడిగాడు.

"అయితే నా చెయ్యి కరెక్టుగానే చెప్పిందన్నమాట?"

అతని లోపల పందెం ముందురోజు ఉదయం మొత్తం మళ్లీ నడిచి వస్తున్నట్టుంది, గుమ్మం దాకా వెళ్లి ఆగిన అడుగుతో సహా. తరవాత లేచి, వస్తానన్నా అని చెప్పి వెళ్లిపోయాడు. బావ అతన్ని సాగనంపడానికి లేవబోయాడు గానీ, తలుపు ఎటుందో వెంటనే దొరకలేదు.